రీల్‌లో ఇసక

స్కాట్లండ్‌లో స్పే నది ఒడ్డున ఉన్న గాలాల కొట్టు తలుపు తోసుకుని స్ట్రూవన్ లోపలికొచ్చాడు. వెనకే, వానకి తడిసిన ఎర్రజుట్టు అమ్మాయి. కొట్టు నడిపే ఇష్బెల్ చూపు ఆ అమ్మాయి మీదే ఆగిపోయింది.

చేపల వేటకొచ్చే అతిథుల వెంట ఏట్లోకి దిగి సాల్మన్ చేపలు పట్టించడం స్ట్రూవన్ పని. ప్రతి శనివారం, గాలపు దారం చుట్టే తన రీల్ కిరకిరలాడుతుంటే తెచ్చి, "మళ్లీ ఇసక పట్టింది, కాస్త చూడవా" అంటాడు. ఆమె విప్పి, కడిగి, నూనె చుక్క వేసి ఇస్తుంది. ఆ కాసేపటి కోసం వారమంతా ఎదురుచూస్తుంది. పైకి మాత్రం విసుక్కుంటుంది.

"ఈవిడ రోజలిండ్ గారు. ఎడిన్‌బరా నుంచి వచ్చారు. మంచి రీల్ ఒకటి చూపించు."

"నాకేం తెలీదండీ. మీరేది ఇస్తే అదే," అంది రోజలిండ్, స్ట్రూవన్ భుజం మీది వాన చినుకులు దులుపుతూ.

ఇష్బెల్ చెయ్యి తేలికపాటి రీళ్ల దగ్గర ఆగి, పై అరకి పోయింది. అన్నిటికన్నా బరువైనది, బంగారు రంగుది దించింది.

"ఇది మీకు బాగుంటుంది."

"ఆవిడ సన్నటి గాలపు కర్రకి ఇంత బరువా?" అన్నాడు స్ట్రూవన్.

"కొట్టు నీదా, నాదా? నీ రీల్ ఇటివ్వు."

అతను తటపటాయిస్తూ ఇచ్చాడు. తిప్పి చూస్తే మెత్తగా తిరిగింది. ఇసక రేణువు లేదు. దారాన్ని బిగించే మర కూడా పద్ధతిగా వదులు చేసి ఉంది.

"ఎవరు బాగుచేశారు?" అంది ఇష్బెల్.

"ఈయనే!" రోజలిండ్ నవ్వింది. "మంచినీళ్లతో కడగాలట, నీడన ఆరబెట్టాలట, దాచేముందు బిగువు వదలాలట. నిన్న గులకరాళ్ల మీద రీల్ పెట్టానని నాకెన్ని చీవాట్లో!"

"అంతా తెలుసన్నమాట." ఇష్బెల్ అతని వైపు తిరిగింది. "మరి వేసవంతా ఈ ఇసకెక్కడిది?"

స్ట్రూవన్ బూట్ల వైపు చూసుకున్నాడు. "నేనే పోశాను. ఊరికే వస్తే రానిస్తావో లేదో అని."

"మరి ఇవాళ?"

"ఇవాళ ఊరికే వచ్చాను."

"ఈయన్ని నేనే తిట్టి ఒక్కరినే పంపిద్దామనుకున్నా, ధైర్యం చాలక నన్ను తోడు రమ్మన్నారు," అంది రోజలిండ్. "నిన్న ఏట్లో చేపలకన్నా మీ పేరే ఎక్కువసార్లు వినపడింది."

"ఇంత మంచి రీల్‌లో ఇసకా! బుద్ధుందా నీకు? లోపలి చక్రాల పళ్లు అరిగిపోవూ?" ఇష్బెల్ కళ్లు తుడుచుకుంది. "ఊరికే రా. రోజూ రా. ఇసక మాత్రం తేకు."

రోజలిండ్ బంగారు రంగు రీల్ సంచిలో పెట్టుకోబోయింది.

"ఆగండి," అంది ఇష్బెల్, చెవులదాకా ఎర్రబడి. "అది ఇటిచ్చెయ్యండి. ఆ బరువుకి సాయంత్రానికి మీ చెయ్యి పడిపోతుంది."