కోసేసిన నిమిషాలు

"ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చోవాలి," అన్నాడు అతను మొదటిరోజే.

"పరిచయమై అయిదు నిమిషాలు కాలేదు, అప్పుడే ఇంత మర్యాదా?" అంది ఆమె.

పాపం, అతని తప్పేం లేదు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం ఆడియో పాఠాలు తయారుచేసే చిన్న స్టూడియో అది. చదివేది ఆమె, రికార్డు చేసేది అతను. పని మొదలుపెట్టే ముందు రోజూ ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసి ఉంచుకోవాలి. తర్వాత మాటల మధ్య ఖాళీ వచ్చిన చోట దాన్నే అతుకు వేస్తారు. గాజు పలకకు ఇటు అతను, అటు ఆమె, ఆ నిమిషమంతా నోరు విప్పకుండా కూర్చునేవారు. ఆమె అతనికి మౌనిబాబు అని పేరు పెట్టేసింది.

నలభయ్యో రోజు చివరి పాఠం, 'హోల్డ్ ఆన్'.

"మొదటి అర్థం తేలికే. బస్సు కుదుపుతుంటే కడ్డీ గట్టిగా పట్టుకోవడం. రెండోది, కష్టమొచ్చినా వదులుకోకుండా నిలబడటం," అంది ఆమె.

"చేతులతో పట్టుకున్నవే జారిపోతాయి. చేతుల్లేకుండా ఎలా పట్టుకుంటామండీ?"

"అందుకే మీరింకా మొదటి అర్థం దగ్గరే ఆగిపోయారు."

అతను నవ్వబోయి మానేశాడు. రేపు ఆమె వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోతోంది. అక్కడ వాళ్ల పిన్ని గది కూడా చూసిపెట్టింది. ఈలోగా మనసులో మాట చెప్పకపోతే ఇక అంతే సంగతులు. ఆ సంగతి తెలిసీ అతను వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

పాఠాలన్నీ, ఏ రోజుకారోజు మొదట్లో ఉండే నిశ్శబ్దంతో సహా, అక్కడక్కడా విని సంతకం పెట్టాలి కాబట్టి ఆమె అతని గదిలోకి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి.

"మౌనిబాబుగారూ, మూడోరోజు నిశ్శబ్దంలో పదమూడో సెకనుకి కుర్చీ కిర్రుమంది. పదోరోజూ అంతే, ఇరవయ్యోరోజూ అంతే. కుర్చీక్కూడా టైంటేబులుందా?"

అతను దొరికిపోయాడు. మొదటిరోజు నిశ్శబ్దాన్నే అన్ని రోజులకూ అతికించాడు.

"మిగతావేమయ్యాయి?"

"కోసేశానండి."

"నిశ్శబ్దంలో కోయడానికేముంటుంది?"

అతను దాచిన ఫైలు నొక్కాడు. ముందు గది హోరు. ఆ తర్వాత చెవి పక్కనే ఎవరో వంగి చెప్పినట్టు ఒక మగ గొంతు, "రేపు కూడా వస్తారుగా?" ఇంకో రోజుది, "నీలం రంగు మీకు నప్పింది." ఆమె ఒళ్లు జలదరించింది.

"ఇది మీ గొంతు."

"నాదే. కానీ నేను అన్లేదండి. మనసులో అనుకున్నానంతే. నా వైపు అసలు మైకే లేదు. మీరు వింటే భయపడి మానేస్తారని..."

"మీరు నోరు తెరవలేదని నాకు తెలుసు. రోజూ మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాగా," అనేసి నాలిక కరుచుకుంది.

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవాళ్టిది పెట్టండి," అంది ఆమె.

"వద్దండీ."

"పెట్టండి."

ముప్పై సెకన్లు ఏమీ లేదు. తర్వాత అతని గొంతు వచ్చింది. "వెళ్లకండి." దాని వెనకే ఇంకో గొంతు, ఆమెది. "అడిగితే కదా."

ఆమె చప్పున పెదవుల మీద చెయ్యి పెట్టుకుంది. ఆ మాట తను పైకి అనలేదు, పొద్దున కూర్చున్నప్పుడు అనుకుంది, అంతే. గాజుకు అటువైపు ఎవరూ లేని గదిలో, ఎవరూ నొక్కకుండానే రికార్డింగ్ ఎర్రదీపం వెలిగింది. ఇద్దరూ కదల్లేదు.

"మన తరఫున ఆ గది ఎన్నాళ్లని మాట్లాడుతుంది? మీరు అడగండి," అంది ఆమె నెమ్మదిగా.

అతను గొంతు సవరించుకున్నాడు. "వెళ్లకండి. మీరంటే నాకిష్టం. మీరు లేకుండా ఇక్కడ కూర్చోవాలంటే భయం కూడా."

"ఇష్టం ఎక్కువా, భయం ఎక్కువా?"

"ఇవాళ మాత్రం సరిసమానమండి."

ఆమె ఫక్కున నవ్వింది. దీపం ఆరిపోయింది. ఆమె అప్పటికప్పుడు ఫోన్ తీసింది. "పిన్నీ, నేను రేపు రావట్లేదు. ఎందుకా? ఉండు, ఆయన చెప్తారు," అని ఫోన్ అతని చేతిలో పెట్టేసింది.

మౌనిబాబు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు. ఇంకా నోరు తెరవనేలేదు.

"సరేలే బాబూ, వినబడింది," అంది అవతల పిన్ని. "ఆదివారం ఇద్దరూ కలిసి రండి."