రత్నం ఊపిరి, ఎస్తేరు పేరు

"నూకరత్నం గారూ, మీ కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఉండవలసిన మచ్చ కనిపించడం లేదు. దయచేసి మరోసారి నిలబడండి."

పలాస జీడిపప్పు కర్మాగారం గేటు దగ్గర ఉన్న దేహదర్పణం రోజూ పొద్దున ఎనిమిదింటికి ఈ మాటే అంటుంది. మిగతా ఆడవాళ్ళంతా ఆ నిలువెత్తు అద్దం ముందు రెండు క్షణాలు నిలబడి, లోపలి ఎముకలూ పేగులూ చూపించుకుని చకచకా లోపలికి పోతారు. రత్నం మాత్రం రెండుసార్లు నిలబడాలి. లేని మచ్చ కోసం వెతికి వెతికి, చివరికి చేసేదేమీ లేక ఆ యంత్రం పచ్చదీపం వెలిగిస్తుంది. పన్నెండేళ్ళుగా ఇదే తంతు. ఎదురుగా ఉన్న ఒంటిని అది అనుమానిస్తుంది గానీ, తన దగ్గరున్న రికార్డును మాత్రం ఒక్కనాడూ అనుమానించదు.

"ఏటి రత్నమ్మా, నీ మచ్చ ఇయ్యాల కూడా సెలవు పెట్టేసిందేటి?" అన్నాడు గేటు గుమాస్తా తవిటయ్య.

"నోర్ముయ్యి తవిటయ్యా. ఆ మచ్చ ఎక్కడుందో నాకు తెలుసు. ఎవత్తి ఒంట్లో దాక్కుందో కూడా తెలుసు."

తవిటయ్య నవ్వాడు. రత్నం నవ్వలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆమె చేతులకు జీడిపప్పు వాసన లేదు. విశాఖపట్నంలో, విదేశీ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు ఛాతీ ఎక్స్‌రే ఛాయాపటాలు తీసే కేంద్రంలో పనిచేసేది. పక్క బల్ల ఎస్తేరుది. ఒకే గది, ఒకే గిన్నెలో అన్నం, ఒకరి చీర ఇంకొకరు కట్టుకునే స్నేహం. ఫిన్లండ్‌లో ఒక ఆస్పత్రి నుంచి ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. ఇక ఛాతీ పటం పంపడమే మిగిలింది. ఎస్తేరుకు చిన్నప్పుడు క్షయ వచ్చి మిషను ఆస్పత్రిలో నయమైంది. మచ్చ మిగిలిపోయింది. మచ్చ ఉన్నవాళ్ళను ఆ దేశం గడప తొక్కనిచ్చేది కాదు.

ఉపాయం చెప్పింది రత్నమే. "ఏడవకే. నా ఛాతీనే రెండుసార్లు తీద్దాం. ఒకటి నా పేరున, ఒకటి నీ పేరున."

తీశారు. పేర్లు చేత్తో కొట్టే రోజులవి. "పేర్లు నేను కొడతాను గానీ, నువ్వెళ్ళి టీ తాగిరా" అంది ఎస్తేరు. రత్నం వెళ్ళి నింపాదిగా టీ తాగి, ఎస్తేరుకో గ్లాసు పట్టుకొచ్చింది కూడా. వారం తరవాత తెలిసింది. ఒకే ఛాతీ రెండు పేర్లతో వస్తే అక్కడి యంత్రం పట్టేస్తుందని ఎస్తేరుకు భయం వేసింది. రత్నం ఛాతీకి తన పేరు పెట్టుకుంది. తన పాత పటం తీసి, దానికి రత్నం పేరు తగిలించింది. ఎస్తేరు విమానం ఎక్కింది. మచ్చ ఉన్నవాళ్ళు ఛాయాపటాల గదిలో ఉండకూడదని ఇక్కడి ఉద్యోగం కూడా ఊడి రత్నం పలాస చేరింది. నోరు విప్పితే జైలు ఇద్దరికీ; మొదటి దొంగ ఆలోచన తనది. "ఏడాదిలో నిన్ను పిలిపించుకుంటానే" అన్న మనిషి ఒక్క కబురైనా పెట్టలేదు. ఆ తరవాత రత్నం మళ్ళీ టీ గ్లాసు ముట్టలేదు.

పదిన్నర వేళ రత్నం పప్పు ఏరుతోంది. యంత్రం కంట పడని పురుగు చుక్కల పప్పును చేత్తో తీసేయడం ఆమె పని. మణికట్టు పట్టీ సన్నగా వణికింది.

"నమస్కారం. ఇది ఆప్తవాణి. మిమ్మల్ని ఆప్తురాలిగా నమోదు చేసుకున్న వ్యక్తి పరీక్షా ఫలితం వచ్చింది. వ్యక్తి పేరు ఎస్తేరు. మీరు ఏకాంతంలో ఉన్నారా?"

రత్నం చేతిలోని పప్పు పళ్ళెంలో పెట్టేసి లేచింది.

ఈ ఆప్తవాణి పుట్టుక వెనక ఒక కథ ఉంది. దేహదర్పణాలు వచ్చిన కొత్తలో యంత్రమే మనిషి మొహం మీద "మీకు పది నెలలు" అని చెప్పేసేది. విని అక్కడికక్కడే కుప్పకూలినవాళ్ళున్నారు. అప్పుడు దాన్ని తయారుచేసినవాళ్ళకు మన పద్ధతి నచ్చింది. మన డాక్టర్లు రోగిని మంచం మీదే ఉంచి, అయినవాళ్ళను వరండాలోకి పిలిచి కదా అసలు సంగతి చెప్పేవారు! దేహదర్పణం పెట్టిన ప్రతి దేశంలోనూ అదే చట్టమైంది. ప్రతి మనిషీ ఒక ఆప్తుణ్ణి రాసుకోవాలి. ఫలితం ముందు ఆప్తుడికే తెలుస్తుంది. రోగికి ఎలా చెప్పాలో ఆప్తుడి ఇష్టం. ఆప్తుడు సరేనంటేనే వైద్యం.

రత్నం గోదాములోకి వెళ్ళి తలుపు వేసుకుంది. "ఎప్పుడు రాయించింది నా పేరు?"

"మూడు నెలల కిందట. ఆ దేశంలో దేహదర్పణాలకు ఈ ఏడాదే అనుమతి దొరికింది."

"సరే, సంగతి చెప్పు."

"కుడి ఊపిరితిత్తి పైభాగంలో గట్టి ఛాయ ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి పూర్వపటంలో ఇది లేదు. కనుక కొత్తగా పెరిగినది. ప్రమాదకరమైన గడ్డ అయ్యే అవకాశం నూటికి తొంభై మూడు. శుక్రవారం ఆ భాగాన్ని తొలగించాలి. ఆమెకు విషయం చెప్పి, మీ అంగీకారం తెలపండి."

గోదాము గోడ మీద ఛాయాపటం వెలిగింది. రత్నం దగ్గరికి వెళ్ళి చూసింది. ఎన్నేళ్ళయినా కన్ను మరవలేదు. నక్షత్రంలా ముడుచుకున్న తెల్లటి మచ్చ, దాని పక్కన వడియాల్లా మూడు చుక్కలు. తన పేరున ఉన్న పాత పటం తెప్పించి పక్కన పెట్టుకుంది. అదే నక్షత్రం, అవే మూడు చుక్కలు. ఆవగింజంత కూడా పెరగలేదు. ఒకరి పటం ఇంకొకరి రికార్డులో వెతకాలన్న బుద్ధి ఏ యంత్రానికి పుడుతుంది?

రత్నం జీడిబస్తా మీద కూలబడి నవ్వింది. పగలబడి నవ్వింది. దేవుడున్నాడు! నా ఛాతీ దొంగిలించి పోయావు కదే, అదే ఈరోజు నీ ఛాతీ కోయిస్తోంది. తను చేయాల్సింది ఏముంది? "అంగీకారం" అంటే చాలు. శుక్రవారానికల్లా ఎస్తేరు సగం ఊపిరితో మిగులుతుంది. మెట్టు ఎక్కినప్పుడల్లా ఆయాసపడుతుంది. ఎవరూ తనను వేలెత్తి చూపలేరు. ఇరవై ఎనిమిదేళ్ళ కసి నాలుక చివర తియ్యగా ఊరింది.

కానీ ఆ మాట చెప్పేటప్పుడు దాని మొహం చూడొద్దూ? "ఎస్తేరుకు కలుపు" అంది పట్టీతో.

గోడ మీద ఎస్తేరు వచ్చింది. నెరిసిన పొట్టి జుట్టు, తెల్లకోటు, మెడలో ముఖ్య ఛాయాధికారి బిళ్ళ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ముసలిదానివైపోయావే రత్నం" అంది ఎస్తేరు.

"నీకు మొగుడున్నాడట, ఇద్దరు పిల్లలున్నారట. నా పేరెందుకు రాశావే సిగ్గులేనిదానా?"

ఎస్తేరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "వాళ్ళు దాస్తారు. మనవాళ్ళ సంగతి నీకు తెలీదేటి? మా అమ్మకు కడుపులో గడ్డయితే ఆఖరి రోజుదాకా గ్యాసమ్మా గ్యాసు అన్నాను. నేనే అన్నాను. అమ్మ నన్ను నమ్మే పోయింది. నా చావుకబురు నాకు సూటిగా చెప్పేదెవరా అని ఆలోచిస్తే నువ్వే తట్టావు. నీకు నామీద జాలి లేదు. అందుకే."

రత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఔరా, ఎంత మనిషివే! నా ఛాతీ వాడుకున్నావు, నా ఉద్యోగం వాడుకున్నావు, ఆఖరికి నా పగను కూడా వాడుకుంటున్నావా? ఇప్పుడు గడ్డే అని అబద్ధం చెబుదామంటే నోరు రావడం లేదు. అబద్ధం చెబితే తను కూడా దాని మొగుడూ పిల్లల వరసలోకి పోయినట్టే.

"నువ్వు చావవు" అంది. "అది నీ పాత మచ్చే. దాన్ని పోల్చి చూసిన పూర్వపటం నాది. అందుకే కొత్తగా కనబడింది. నిక్షేపంలా ఉన్నావు."

ఎస్తేరు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది.

"ఏడుపయిందా? ఇక నేను యంత్రానికి చెబుతాను, ఆ పటాలు తారుమారయ్యాయని. ఎవరిది వాళ్ళకు రాసేస్తుంది."

ఎస్తేరు చేతులు తీసింది. మొహంలో రక్తం లేదు. "వద్దే! ఆ మాట చెప్పకు. దొంగ పటంతో వచ్చానని తేలితే నా కుర్చీ పోతుంది, నా పేరు పోతుంది. ఇక్కడ నా కింద నలభై మంది ఉన్నారు. నువ్వు అంగీకారం అనేయ్."

"బుద్ధుందా? బాగున్న ఊపిరితిత్తి కోసేస్తారే."

"కోయనీ. ఒక ముక్కే కదా! సగం ఊపిరితో బతుకుతాను. పేరు పోతే బతకలేనే రత్నం, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"మరి నేను బతకలేదేటి?"

రత్నం లేచి నిలబడి చీర దులుపుకుంది. ఇన్నేళ్ళూ ఎలా పగ తీర్చుకోవాలా అని కుమిలింది. తీరా చూస్తే నిజం చెబితే చాలట.

"నీ ఊపిరితిత్తి నీ దగ్గరే ఉంచుకో ఎస్తేరూ. నాది నాకిచ్చెయ్."

ఆప్తవాణి వైపు తిరిగి, "అంగీకారం లేదు. సవరణ ఉంది. ఈ రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూడు" అంది.

ఇరవై ఎనిమిదేళ్ళ పని యంత్రం రెండు క్షణాల్లో ముగించింది. "పూర్వపటాలు తారుమారైనట్టు నిర్ధారణ అయింది. శస్త్రచికిత్స రద్దు. తప్పుడు నమోదుపై విచారణకు మీ ఇద్దరి పేర్లూ పంపాలి. పంపమంటారా?"

"ఇద్దరివీ పంపు."

గోడ మీది మొహం ఆరిపోయే ముందు ఎస్తేరు ఒకే మాట అంది. "నీ చావుకబురు నా చెవిన పడాలే రత్నం. ఆ రోజు కోసం బతికుంటాను."

నాలుగో రోజు పొద్దున రత్నం అద్దం ముందు నిలబడింది. పచ్చదీపం వెంటనే వెలిగింది. అలవాటుకొద్దీ ఆమె అక్కడే ఆగిపోయింది.

"మచ్చ దొరికిందేటి?" అన్నాడు తవిటయ్య నోరు తెరిచి.

"సొంతదారు దగ్గరికి పోయింది."

"నూకరత్నం గారూ," అంది అద్దం, "మీ రికార్డు కొత్తగా తెరిచాం. ఆప్తుల పేరు ఖాళీగా ఉంది. చెబితే రాసుకుంటాం."

ఎవరున్నారని? చెల్లెలికి చెబితే నీరసం అక్కా, బలం మందులు వాడు అంటుంది. తవిటయ్యకు చెబితే వారం రోజులు మొహం చాటేస్తాడు. చేదు మాటైనా ఒక్క అక్షరం పొల్లుపోకుండా తన మొహం మీదే చెప్పే మనిషి ఈ లోకంలో ఎవరున్నారా అని రత్నం ఆలోచించింది. ఎక్కువసేపు పట్టలేదు.

వెనక వరసలో ఆడవాళ్ళు తొందరపెడుతున్నారు.

"ఎస్తేరు అని రాసుకో" అని చెప్పి, రత్నం పప్పు ఏరడానికి లోపలికి వెళ్ళింది.