సుబ్బులు నీళ్ల చార్టు

లంచ్ టైమ్‌లో యామిని వైట్‌నర్ పట్టుకుని సుబ్బులు చార్టు ముందు నిలబడింది. సుబ్బులు టిఫిన్ బాక్స్ కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.

చార్టు పేరు 'మనం తాగే నీళ్లు'. బొల్లారంలో జరిగే సైన్స్ ఫెయిర్‌కి ఏ చార్టు పంపాలో జగదాంబ టీచర్ ఆ మధ్యాహ్నమే చెబుతారు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే సుబ్బులు దీనికోసం వారం రోజులు కష్టపడింది. ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి రంగు బొమ్మ కూడా తీయించింది. బొమ్మ కింద ఇలా రాసింది:

2H₂ + O₂ → 2H₂O

"అయ్యో, పిచ్చిది! ముందు ఈ రెండ్లెందుకు?" అనుకుంది యామిని. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల కదా, తనకి తెలియనిది లేదని గట్టి నమ్మకం. స్నేహితురాలికి సాయం చేద్దామని ముందున్న అంకెలు చెరిపేసి, చివర O కింద చిన్న 2 పెట్టింది.

H₂ + O₂ → H₂O₂

అటు రెండు ఆక్సిజన్లు, ఇటూ రెండే. భలే కుదిరింది! సుబ్బులుకి చెప్పేలోపే బెల్ కొట్టారు, టీచర్ వచ్చేశారు.

చార్టు చూసి టీచర్ బిత్తరపోయారు. "సుబ్బులూ! ఇవి నీళ్లా?"

సుబ్బులు పరుగున చార్టు దగ్గరికొచ్చి చూసింది.

"రెండు వైపులా లెక్క సరిపోయింది కదా టీచర్?" అంది యామిని.

"లెక్క సరిపోయింది, నీళ్లే మారిపోయాయి! ముందున్న అంకె ఎన్ని అణువులో చెబుతుంది, దాన్ని మార్చొచ్చు. కిందున్న చిన్న అంకె మారిస్తే పదార్థమే వేరైపోతుంది. మొన్న నీ మోకాలు చెక్కుకుపోతే బుస్సుమని నురుగొచ్చే మందు పోశానే, అందులో ఉండేది ఇదే. తాగుతావా?"

యామిని చార్టు వైపు మళ్లీ చూసింది. తాగే నీళ్లని చెప్పి తను రాసింది దెబ్బల మందా!

"ఇంత తప్పుతో దీన్ని ఎలా పంపను?" అంటూ టీచర్ చార్టు చుట్టసాగారు.

"నేనలా రాయలేదు టీచర్..." అంది సుబ్బులు ఏడుపు గొంతుతో. ఆ మాట టీచర్‌కి వినిపించలేదు.

నోరు మూసుకుంటే యామిని సంగతి ఎవరికీ తెలియదు. అయినా లేచి నిలబడింది.

"టీచర్, సుబ్బులు కరెక్టుగనే రాసింది. నేనే చెరిపేసి అట్ల రాసిన."

క్లాసంతా నోరు తెరిచింది. సుబ్బులైతే రెప్ప వేయడం మరిచిపోయింది. టీచర్ చార్టు విప్పి బల్ల మీద పరిచారు.

"సుబ్బులూ, సరిచేసి ఇవ్వమ్మా. బొల్లారం ఇదే వెళ్తుంది."

యామిని గబగబా స్కెచ్ పెన్ తీసింది. రాయబోయి ఆగి, దాన్ని సుబ్బులు చేతిలో పెట్టింది.

"నువ్వే రాయి," అంది మెల్లగా. "ముందు రెండు ఎట్ల వచ్చిందో జెర నాకు సుత చెప్పవా?"