మోతబండ

ఏం చూశారక్కడ? చెప్పండి. ఫుజైరా కొండల్లో జలపాతం చూసొచ్చామని ఫోన్లు తిప్పి తిప్పి చూపిస్తున్నారు కదా. నీళ్ళు చూశారు, మెట్లు చూశారు, మీ మొహాలు మీరే చూసుకున్నారు. దారి వంపు తిరిగే చోట, రేగుచెట్టు కింద, పడుకున్న ఒంటె వీపులా ఒక నల్లబండ ఉంటుంది. అది చూశారా? చూస్తే... చీకటి పడ్డాక చూశారా?

చూసి ఉండరు. పొద్దుగూకేలోపే మిమ్మల్ని బయటికి పంపేస్తారు.

మీరు నడిచిన ఆ దారి వేసింది మనవాళ్ళే. కరోనా సద్దుమణిగాక, జనాన్ని ఇంకా లోపలికి వదలకముందు, రాయి పగలగొట్టి మెట్లు పేర్చింది మనవాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం పని బందు. అందుకని పొద్దున కాసేపు, మళ్ళీ సాయంత్రం పొద్దుగూకే మగ్రిబ్ నమాజు దాకా పని. చీకటి కమ్మే వేళకి ఆ కొండమీద మిగిలేది వీళ్ళే. ఆ బండకి మోతబండ అని పేరు పెట్టిందీ వీళ్ళే.

ఈ సంగతి నాకు చెప్పినవాడు ఖాదర్ హుస్సేన్. రాయచోటి మనిషి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా రూములో నా పక్క మంచం. అబద్ధమాడే రకం కాదు. ఆడినా ఇట్టే దొరికిపోయే రకం.

ఖాదర్ ఆ పనికి కొత్తగా వెళ్ళాడు. వాడికి జతగా పెట్టింది పోచన్నని. జగిత్యాల వైపు మనిషి, పొట్టివాడు, గల్ఫులోనే జుట్టు నెరిసినవాడు. మొదటిరోజే బండ చూపించి చెప్పాడట.

"పొద్దుగూకినంక ఈడ నిలవడకు తమ్మీ. ఎనకనుంచి పిలుస్తది. ఎనకకు మర్రి సూడకు."

"ఏమని పిలుస్తాదన్నా?"

"మోయా... మోయా... అని మూల్గుతది. మొయ్యమంటది. ఎత్తుకొని మొయ్యమంటది. ఎత్తుకున్నవో, ఇగ దిగది."

ఖాదర్ పకపకా నవ్వాడు. "అరబ్బు దేశంలో దెయ్యానికి తెలుగు యాడ నేర్పినారన్నా?"

"నవ్వు నవ్వు. మనోడే ఎవడో సచ్చినట్టున్నడు ఈడ. పోయిన ఎండకాలం మేం కొలతలకు వచ్చినప్పుడు వరసగా రెండు మూడు దినాలు, బండ ఎనక లోయలకెల్లి, ఇన్నం. అందరం ఇన్నం. నేనే నిమ్మకాయ కోసి ఆ బండమీద పెట్టిన. తెల్లారి నుంచి గొంతు బందైంది." ఆ మాట చెబుతున్నప్పుడు పోచన్న మీసం మీద చెయ్యేశాడట. "కానీ మళ్ళ ఎండకాలమొచ్చింది కదా... లేస్తది."

పోచన్నకి షుగరు. ఖాదర్‌కి ఆయనంటే ప్రాణం. కొత్తలో ఖాదర్ ఎండకి కళ్ళు తిరిగి పడిపోతే, తన తువ్వాలు తడిపి తలకి చుట్టి, మేనేజరు ముదీర్ కంటపడకుండా నీడకి లాక్కెళ్ళిన మనిషి.

ఆ రోజు పని అయిపోయింది. అందరూ కిందికి దిగి వ్యాను ఎక్కారు. పోచన్న ఒక్కడే రాలేదు. పైన మర్చిపోయిన రాయి కోసే మిషన్ తెస్తానని వెళ్ళాడు... అంతే. డ్రైవర్ అల్మాస్ భాయ్, హైదరాబాదు ఆయన, హారన్ కొడుతూనే ఉన్నాడు. కొండ ఆ హారన్‌ని మింగేసి ఊరుకుంది.

"మధ్యాహ్నం అన్నం ముట్టలేదు భాయ్ అన్న," అన్నాడు ఖాదర్. "షుగరు పడిపోయుంటాది. నే పోయొస్తా."

"యల్లా, జల్దీ ఆ," అన్నాడు అల్మాస్.

ఫోను వ్యానులో చార్జింగుకి పెట్టి ఉంది. మలుపు దాకా పోయి రావడమే కదా అని వదిలేసి ఎక్కాడు.

ఆ లోయలో పొద్దు మెల్లగా పోదు. కొండ వెనక్కి జారిందా, దుప్పటి కప్పినట్టే. ఖాదర్ రేగుచెట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముందుకు చాపితే వేళ్ళు కనపడలేదు. గాలి లేదు. పైనెక్కడో జలపాతం చప్పుడు... సన్నగా, ఎవరో గుసగుసలాడుతున్నట్టు.

"పోచన్నా..."

ఇంకో రెండు మెట్లు పైకెక్కాడు.

"అన్నా... ఓ అన్నా..."

అప్పుడు వినపడింది. వెనకనుంచి. బండవైపు నుంచి.

"మో... యా..."

ఖాదర్ ఒంటిమీది వెంట్రుకలన్నీ లేచాయి. కాళ్ళు కిందికి తిరిగాయి. పెదాలమీదికి దువా వచ్చింది, సగంలో ఆగిపోయింది.

"మోయా..."

గొంతు కాదది. ఎండిన తాటాకు రాయిమీద ఈడ్చినట్టుంది.

పరిగెత్తేవాడే. పరిగెత్తితే ఇప్పుడీ కథ లేదు. కానీ ఒక్క ఆలోచన వాడిని నిలేసింది. దెయ్యమైతే నన్ను తింటుంది. పోచన్నైతే? లేవలేక, నోట మాట రాక, మొయ్యరా అని నన్ను అడుగుతుంటే?

తిరిగి చూశాడు. చూడొద్దన్న వైపే చూశాడు.

బండ పక్కన నేలమీద ఏదో చీకటికన్నా నల్లగా... ముద్దగా... కదిలింది.

"అన్నా, నువ్వేనా?"

ఒక చెయ్యి వచ్చి వాడి చీలమండ పట్టుకుంది. వేడిగా ఉంది. నిప్పులా ఉంది.

ఖాదర్ ఇంకేమీ అడగలేదు. కళ్ళు మూసుకున్నాడు, వంగాడు, ఆ మనిషిని వీపుమీదికి లాక్కున్నాడు, లేచాడు. రెండు చేతులు మెడ చుట్టూ పడ్డాయి. చెవి పక్కనే ఊపిరి.

"భయపడొద్దన్నా. అల్మాస్ భాయ్ దగ్గర చక్కెరుంది. కిందికి పోతానే నోట్లో ఏస్తా."

"మోయా..."

"మోస్తానే ఉండా కదన్నా!"

మెట్టు తర్వాత మెట్టు. తాను పేర్చిన మెట్లే కాబట్టి కాళ్ళకి గుర్తున్నాయి. మొదట బరువు తెలియలేదట. ఎముకల మూటలా ఉంది. తర్వాత తర్వాత... మోసేకొద్దీ పెరిగింది. మెడ చుట్టూ చేతులు బిగుస్తున్నాయి. ఏదో వాసన... మేకల దొడ్డి వాసన. పోచన్న దగ్గర ఆ వాసన ఎందుకొస్తుంది?

అప్పుడు ఇంకోటి తెలిసింది.

పోచన్న పొట్టివాడు. వీపుమీదున్నవాడి కాళ్ళు... నేలకి రాసుకుంటున్నాయి.

ఖాదర్ ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే కింద, మలుపు అవతల, టార్చి వెలుగు ఊగింది. ఒక కేక.

"ఖాదరూ! ఓ ఖాదరూ! యాడున్నవ్ రా?"

పోచన్న గొంతు.

కిందనుంచి.

మరి నా వీపుమీద...?

దించేద్దామనుకున్నాడు. చేతులు వదల్లేదు. నిలబడితే చస్తాను, వెలుగులోకి పోతే ఏమవుతుందో చూద్దాం అనుకుని, ఆ బరువుతోనే, పడుతూ లేస్తూ, దాదాపు పరుగున దిగాడు.

టార్చి వెలుగు వాడి మొహం మీద పడింది. తర్వాత భుజం మీద.

పోచన్న చేతిలో టార్చి జారి రాళ్ళమీద పడింది.

"నీ... నీ ఎనక... ఓరి దేవుడో, ఎత్తుకున్నవా!"

పోచన్న ఏమయ్యాడంటారా? ఏమీ కాలేదు. చీకటి పడుతుంటే మోతబండ ముందునుంచి రాబుద్ధి గాక, అవతలి ఒడ్డున మేకలు నడిచే బాట పట్టి, చుట్టూ తిరిగి దిగాడు. అంతే.

టార్చి అందుకున్నది, పోచన్న వెంట వచ్చిన అల్మాస్. ఆయన దెయ్యాలకి భయపడే రకం కాదు. దగ్గరికొచ్చి మొహం మీద వెలుగేశాడు. పొడుగాటి మనిషి. బక్కచిక్కి ఉన్నాడు. పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. ఒక మోకాలు కుండలా వాచింది.

"మోయా..." అన్నాడు ఆ మనిషి.

"అరె, పాగల్!" అల్మాస్ అరిచాడు. "మొయ్యడం లేదు, గియ్యడం లేదు. సూడాన్ ఆయన! వాళ్ళ అరబీలో మోయా అంటే నీళ్ళు. నీళ్ళు అడుగుతున్నడు భాయ్!"

ఇక్కడి అరబ్బులు నీళ్ళని మాయ్ అంటారు. అది పోచన్నకి తెలుసు. సూడాన్ వాళ్ళ మాట వేరని తెలియదు. మనకేది చెవిన పడ్డా మన భాషే వినపడుతుంది. మన భాషలో అర్థం కానిదాన్ని మనిషి అనుకోం, అర్థమైనదాన్ని దెయ్యం చేశాం!

సీసా మూతతో కొంచెం కొంచెంగా నోట్లో పోశారు. ఖాదర్ నేలమీద కూలబడి ఏడుస్తూ నవ్వాడు. నవ్వుతూ పోచన్న భుజం చరిచాడు. పోచన్న కూడా నవ్వాడు. "నీయమ్మ, నా పానం పోయింది కదరా!" వ్యానులో అందరూ నవ్వారు. దెయ్యం ఖలాస్ అన్నారు.

ఆస్పత్రి దారిలో ఆ మనిషికి మాట వచ్చింది. అల్మాస్ బండి నడుపుతూ అతను చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెబుతున్నాడు. పేరు ఇద్రీస్. కొండ అవతల తోటలో మేకలు కాస్తాడు. పొద్దున పైన కొండమీద రాయి జారి మోకాలు విరిగింది, పాక్కుంటూ బండ దాకా వచ్చేసరికి పొద్దుగూకింది. మేకకోసం రాలేదు. తమ్ముడికోసం వచ్చాడు. పోయిన ఎండాకాలం తప్పిపోయిన మేక వెంట తమ్ముడు ఈ కొండ ఎక్కాడు. దిగలేదు. అవతలివైపంతా వెతికారు. ఆ చలికాలం వానకి లోయ పొంగి రాళ్ళే చోటు మారిపోయాయి. ఈ వైపు మనుషులు పనిచేస్తున్నారని ఈ మధ్యే తెలిసిందట.

వ్యానులో నవ్వు ఎప్పుడు ఆగిందో ఖాదర్‌కి గుర్తులేదు.

ఇద్రీస్ వెనక్కి తిరిగాడు. జుట్టు నెరిసిన మనిషి కాబట్టి ఇక్కడ పాతవాడు అనుకున్నాడేమో, పోచన్న చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అడిగాడు.

అల్మాస్ అద్దంలోంచి చూస్తూ చెప్పాడు. "నా తమ్ముడిని ఎవరైనా చూశారా అంటున్నడు పోచన్నా. కనీసం గొంతైనా విన్నారా అంటున్నడు."

పోచన్న చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఆ చెయ్యి ఆయన చేతిని వదల్లేదు.

ఆస్పత్రి దీపాలు కనపడుతున్నాయి. అల్మాస్ మళ్ళీ అడిగాడు. "ఏం చెప్పమంటవ్?"

పోచన్న చోట మీరుంటే, ఏం చెప్పమనేవారు?