కువైట్ జీతానికి అమలాపురం టాక్సు

"ఆయ్, తప్పేనండి" అన్నారు ఏసుదాసు మాస్టారు.

ఆ ఒక్క మాటతో శారోన్ గాలి తీసేసినట్టయింది. మామిడికుదురులో బస్సెక్కినప్పటి నుంచి అమలాపురం ఎర్రవంతెన దగ్గర దిగేదాకా ఆమె దెబ్బలాటకి మాటలు పేర్చుకుంటూనే వచ్చింది. ఆయన కాదంటే ఏమనాలి, కోప్పడితే ఏమనాలి, నాకు తెలీదంటే ఏమనాలి, అన్నీ సిద్ధం చేసుకుంది. ఒప్పేసుకుంటే ఏమనాలో మాత్రం ఆలోచించుకోలేదు.

"తప్పేనంటే సరిపోద్దా మాస్టారండీ? నాలుగు లక్షలండి!"

"ఎలా సరిపోద్దమ్మా? సరిపోదు."

"కువైట్ ఆసుపత్రిలో ఐదేళ్లు జనం రక్తాలు తీసి సంపాదించేనండి. మీరు నా రక్తం తీసేరు."

"మరేనమ్మా. కాఫీ తాగుతావా?"

ఇలాంటి మనిషితో ఎలా దెబ్బలాడతాం?

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తర్వాత వీధి గదిలో ఒక కంప్యూటర్ పెట్టుకుని, చుట్టుపక్కల టీచర్లందరికీ ఇన్‌కం టాక్సు రిటర్నులు వేసిపెట్టడం మొదలుపెట్టారు. ఇచ్చినంత పుచ్చుకుంటారు. కొందరు అరటి గెలతో సరిపెట్టేస్తారు. ఆయన్ని పల్లెత్తు మాట అన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆ నమ్మకంతోనే శారోన్ తన రిటర్నూ ఆయనకే అప్పజెప్పింది, ఆయన ఇంత కట్టాలమ్మా అన్నారు, ఆమె కువైట్ నుంచి కట్టేసింది.

ఆ సంగతి విని, ఆసుపత్రిలో తనతో పనిచేసే పాలకొల్లు అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. ఏడాదిలో సగానికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకి, అక్కడి జీతం మీద ఇక్కడ టాక్సు ఉండదట. మాస్టారేమో శారోన్ ఇండియాలోనే ఉంటున్నట్టు వేసి, కువైట్ జీతమంతా చూపించేశారు.

ఆ డబ్బుతోనే ఆమె మామిడికుదురులో చిన్న బ్లడ్ టెస్టుల ల్యాబ్ పెడదామనుకుంది. షుగర్ టెస్టుకి కూడా జనం బస్సెక్కి అమలాపురం రావాల్సి వస్తోంది. ఏప్రిల్లో ఇంటికొచ్చి చూస్తే మెషీన్లకి డబ్బు చాలదు. అక్టోబర్లోగా తిరిగి వెళ్లకపోతే కువైట్ వీసా పోతుంది. టాక్సు డబ్బు వెనక్కొస్తే ఇక్కడ ల్యాబ్. రాకపోతే మళ్లీ ఎడారి.

"నాలుగు లక్షలు కాదండి" అంది లోపలి గుమ్మంలోంచి ఒక గొంతు.

సన్నగా, పొడుగ్గా, చేతిలో ఫైలుతో ఒకతను నిలబడి ఉన్నాడు.

"కాదంటే?"

"వడ్డీతో కలిపితే ఇంకా ఎక్కువే కట్టేరండి."

శారోన్ అతన్ని చూసిన చూపుకి వేరెవరైనా అయితే గుమ్మం లోపలికి వెళ్లిపోయేవారు. "మీరెవరండి?"

"వారబ్బాయినండి. క్రాంతికుమార్. రాజమండ్రిలో ఆడిటర్ గారి దగ్గర పనిచేసేవాణ్ణి. నాన్నగారికి కళ్లు సరిగా ఆనట్లేదని వచ్చేశాను."

"అయితే మీరూ కాఫీ తాగుతారా అని అడుగుతారా?"

"లేదండి. పాస్‌పోర్టు తెచ్చేరా?"

*

ఆ రోజు నుంచి జూలై దాకా శారోన్ ఆ గదికి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. వెళ్లిన ప్రతిసారీ ఇంకో కాగితం కావాలనేవాడు క్రాంతి. జీతం స్లిప్పులు, బ్యాంకు కాగితాలు, ఆసుపత్రి వాళ్ల ఉత్తరం, పాస్‌పోర్టులో ప్రతి పేజీ జిరాక్సు.

"ఖాళీ పేజీలు కూడానా?"

"ఖాళీవి కూడానండి. ఖాళీగా ఉన్నాయని వాళ్లకి తెలియాలి గదా."

"మీకు పెళ్లయిందా?"

క్రాంతి తడబడ్డాడు. "లేదండి. ఎందుకు?"

"ఎందుకవలేదో తెలిసిపోయింది."

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. పాస్‌పోర్టు ఫోటో పేజీ తిప్పి, "ఇందులో చాలా కోపంగా ఉన్నారండి" అన్నాడు.

"ఇందులోనేనా?"

"లేదండి. అన్నిట్లోనూ" అన్నాడు, తల ఎత్తకుండానే.

పద్ధతి ఏంటంటే, మళ్లీ పరిశీలించమని కమిషనర్ గారికి రివిజన్ అర్జీ పెట్టుకోవాలి. రిటర్ను చూసి డిపార్టుమెంటు పంపిన కాగితం అందిన ఏడాదిలోగా పెట్టాలి. ఆ కాగితం కిందటి నవంబర్లోనే వచ్చింది.

"నాకేం రాలేదే!"

"నాన్నగారి ఫోన్‌కొచ్చిందండి. టీచర్లకి పాస్‌వర్డులు గుర్తుండవని అందరి రిటర్నుల్లోనూ తన నంబరే ఇచ్చేసేరు."

"మరి ఆయన చూసుకోవద్దా? ఆ ఫోన్లో ఏం చేస్తారు?"

"వాక్యం వింటారండి."

శారోన్ రెండు చేతుల్తో తల పట్టుకుంది. పక్క గదిలోంచి పాస్టర్ గారి ప్రసంగం గట్టిగానే వినపడుతోంది. కాసేపటికి ప్రసంగం ఆగి, "అమ్మాయికి మజ్జిగివ్వరా" అని మాస్టారి గొంతు వినపడింది.

*

అర్జీకి మాస్టారి అఫిడవిట్ కూడా కావాలన్నాడు క్రాంతి. తప్పు ఎలా జరిగిందో ఆయనే సంతకం పెట్టి చెప్పాలి. కొడుకు ఆ మాట అడగడానికి మూడు రోజులు నానా తంటాలు పడితే, మాస్టారు "ఆయ్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ ఉదయం ఒకటే వాన. నోటరీ మాణిక్యాలరావు గారి ఆఫీసు వరండాలో చూరు నీళ్లు చీరల మీద చిందుతున్నాయి. శారోన్‌తో పాటు వాళ్లమ్మ కృపమ్మ కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు.

క్రాంతి చదివి వినిపించాడు. "ఈ అమ్మాయి విదేశంలో ఉంటున్నట్టు తెలిసి కూడా, ఇక్కడ ఉంటున్నట్టు వేశాను. ఆ తప్పు నాది."

"తెలిసి కూడానా!" శారోన్ లేచి నిలబడింది. "ఎందుకు వేసేరండి? అదొక్కటి చెప్పండి మాస్టారండీ."

మాస్టారు వాన వైపు చూశారు. "ఏదో అలా జరిగిపోయిందమ్మా."

"కంప్యూటరే తనంతట తను నొక్కేసుకుందా?"

"ఇంక ఆయన్ననకే" అంది కృపమ్మ. "వెయ్యమన్నది నేనే."

శారోన్ చటుక్కున అమ్మ వైపు తిరిగింది.

"ఫారిన్‌లో ఉన్నట్టు రాస్తే బియ్యం కార్డు తీసేస్తారని ఎవరో చెప్పేరే. నువ్వు ఇంట్లోనే ఉన్నట్టు వేసెయ్యమని బతిమాలేను. ఆయన వద్దమ్మా, వద్దమ్మా అంటానే ఉన్నారు. నేనే వదల్లేదు."

"మరి జీతం ఎందుకు చూపించేరండి? అది కూడా మా అమ్మే చెప్పిందా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "మొహమాటానికి ఒక అబద్ధం వేసేనమ్మా. రెండోది వెయ్యడానికి చెయ్యి ఆడలేదు. జీతం ఉన్నదున్నట్టు చూపించేసేను."

క్రాంతి నుదురు కొట్టుకున్నాడు. "నాన్నా, రెండూ నిజం వేస్తే పైసా కట్టక్కర్లేదు. రెండూ అబద్ధం వేసినా అప్పటికి పైసా కట్టక్కర్లేకపోయేది. మీరు చెరొకటి వేసేరు."

"అమ్మా, ఇంతకీ బియ్యం కార్డు ఉందా?" అంది శారోన్.

కృపమ్మ కొంగు సర్దుకుంది. "టాక్సు కట్టేవాళ్లింటికి ఇవ్వరంట. తీసేసేరు."

శారోన్‌కి ఏడుపొస్తుందనుకున్నారు అందరూ. నవ్వొచ్చింది. గోడకి ఆనుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆగుదామనుకుంటే మాస్టారి మొహం కనపడి మళ్లీ వచ్చింది. తేరుకుని చూస్తే క్రాంతి కాగితాలు వానకి తడుస్తున్నా పట్టించుకోకుండా తననే చూస్తున్నాడు.

"ఏంటండి?"

"మీకు నవ్వొచ్చని ఇవాళే తెలిసిందండి."

"కాగితాలు తడుస్తున్నాయి చూసుకోండి."

"నా సంగతి కూడా ఉన్నదున్నట్టు రాయి బాబూ" అంది కృపమ్మ నోటరీ గారి గది వైపు నడుస్తూ. "ఆయనొక్కరే ఎందుకు మొయ్యాలి?"

*

అర్జీ వెళ్లింది. ఆగస్టు గడిచింది. ఒక నోటీసొచ్చింది, క్రాంతి జవాబిచ్చాడు. సెప్టెంబరూ గడిచింది. ఈలోగా మాస్టారు టీచర్లందరినీ ఒక్కొక్కరిగా పిలిచి, వాళ్ల నంబర్లు వాళ్లకి మార్పించారు. తిట్టినవాళ్లకల్లా ఆయ్ అన్నారు.

శారోన్ ఆ గదికి వెళ్తూనే ఉంది. కాగితాలేవీ అక్కర్లేకపోయినా వెళ్తోందని కృపమ్మ గమనించింది.

అక్టోబర్ మొదటివారంలో ఒక సాయంత్రం, బస్టాండు ఎదురుగా కొబ్బరిబొండాల బండి దగ్గర క్రాంతి కనపడ్డాడు. శారోన్ బ్యాగులోంచి ఫోన్ తీసి టికెట్ చూపించింది. "శనివారం, హైదరాబాద్ నుంచి."

అతని చేతిలో బొండం అలాగే ఉండిపోయింది.

"డబ్బొస్తుందా క్రాంతిగారూ? ఒక్క మాట చెప్పండి. వస్తుందంటే ఇప్పుడే కాన్సిల్ చేసేస్తాను."

"మన కాగితాలు గట్టిగా ఉన్నాయండి."

"అది కాదు నేనడిగింది. వస్తుందా?"

"ఖాయంగా చెప్పలేనండి."

శారోన్‌కి ఒళ్లు మండిపోయింది. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వస్తుందని అనెయ్యొచ్చుగా! మనిషి ఉండిపోతుందని తెలిసి కూడా ఆ మాట నోట్లోంచి రాదా మీకు?"

"రాదండి. మా నాన్నగారు మొహమాటానికి ఒక్క ముక్క వేసినందుకే మీ ఐదేళ్ల కష్టం పోయింది. నేనింకోటి చెప్పి మీ వీసా కూడా పోగొట్టనా?"

"సరే. ఇంక వెళ్లొస్తానండి."

"ఆగండి." అతను బొండం బండి మీద పెట్టేశాడు. "కమిషనర్ గారి సంగతి నేను చెప్పలేను. నా సంగతయితే చెప్పగలను. మీరు వెళ్లినా, ఉన్నా, ఆ డబ్బు వెనక్కొచ్చేదాకా తిరుగుతాను. అది ఉద్యోగం. మీరు మాత్రం వెళ్లకూడదని రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను. అది ఉద్యోగం కాదు."

బండివాడు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"ఈ మాట జూలైలో చెప్పొచ్చుగా?" అంది శారోన్.

"అప్పుడు మీరు క్లయింటండి."

"ఇప్పుడు కాదా?"

"ఇప్పుడూ క్లయింటే. కానీ శనివారం వెళ్లిపోతున్నారు."

"దేవుడా!" అంది శారోన్. రావాల్సిన మామిడికుదురు బస్సు వచ్చేస్తే గబగబా ఎక్కేసింది.

ఆ శనివారం ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. పాత స్కూటీ ఒకటి కొనుక్కుంది. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి రక్తం తీసి, అమలాపురంలో తెలిసిన ల్యాబ్‌కిచ్చి, సాయంత్రానికి రిపోర్టులు తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. డబ్బొచ్చినప్పుడే మెషీన్లు కొందాం, అప్పటిదాకా కాళ్లు ఉన్నాయిగా అనుకుంది. మాస్టారికి షుగర్ టెస్టు ఊరికే చెయ్యలేదు. రేటు ప్రకారమే పుచ్చుకుంది.

ఆర్డరు డిసెంబర్లో వచ్చింది. అర్జీ ఒప్పుకున్నారు. టాక్సు వెనక్కిచ్చెయ్యమన్నారు. పొద్దున్నే శారోన్ ఫోన్‌కే వచ్చింది. వెంటనే క్రాంతికి ఫోన్ చేసింది.

"ఏంటండి ఇంత పొద్దున్నే? ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని కంగారు పడ్డాడు.

"అందరం బాగానే ఉన్నాం. వచ్చిందండి."

అవతల కుర్చీ కిందపడ్డ చప్పుడు వినిపించింది.

*

డబ్బు బ్యాంకులో పడ్డాక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మాస్టారు కొడుకుని వెంటబెట్టుకుని మామిడికుదురొచ్చారు. బుట్టలో యాపిల్ పళ్లున్నాయి. ఇద్దరూ తెల్లచొక్కాలు వేసుకున్నారు. ఎందుకొచ్చారో వీధిలో చిన్నపిల్లలక్కూడా తెలిసిపోయింది.

మాస్టారు కొబ్బరికాయల ధర గురించి మాట్లాడారు. ఈ ఏడు మంచు ఎక్కువన్నారు. కృపమ్మ కాఫీ ఇచ్చింది. చర్చికి కొత్త మైకు సెట్టు బాగుందన్నారు. కృపమ్మ మళ్లీ కాఫీ ఇచ్చింది. పెద్దవాళ్లుండగా తను మాట్లాడకూడదని క్రాంతి నేల చూస్తూ కూర్చున్నాడు. కృపమ్మకి అడక్కుండా చెప్పడానికి మొహమాటం. మాస్టారికి అడగడానికి మొహమాటం.

మూడోసారి కాఫీకి నీళ్లు పెట్టిన చప్పుడు విని, శారోన్ లోపల్నుంచి వచ్చేసింది.

"మాస్టారండీ, మీరడగడానికొచ్చింది అడుగుతారా? లేకపోతే నేనే అడిగెయ్యనా?"

మాస్టారి మొహం తేటపడింది. భుజం మీద బరువెవరో దించినట్టు కుర్చీలో వెనక్కి వాలారు. "నువ్వే అడిగెయ్యమ్మా. పుణ్యముంటుంది."

"మీ అబ్బాయికి నన్ను చేసుకుంటారా అండీ?"

"ఇదేం చోద్యమే!" అంది కృపమ్మ. క్రాంతి మొట్టమొదటిసారి తల ఎత్తాడు.

"ఆనందంగా చేసుకుంటామమ్మా" అన్నారు మాస్టారు. "ఇంక అబ్బాయి కూడా ఒప్పుకోవాలి గదా."

క్రాంతి గొంతు సవరించుకున్నాడు. "నేను అక్టోబర్లోనే చెప్పేనండి. ఇంతవరకూ జవాబు రాలేదు."

"ఇదే జవాబు" అంది శారోన్. "అమ్మా, పొయ్యి కట్టెయ్. ఇంక కాఫీ వద్దు, వీళ్లకి అన్నం పెట్టు."