పురుగుకు పస్తు

కిరణ్మయి మా ల్యాబ్‌లో అడుగుపెట్టింది జూలై వానలో, దుపట్టా కింద ఒక ప్లాస్టిక్ డబ్బా దాచుకుని. లోపలికి తిండి తేకూడదని హిందీలో గట్టిగా చెప్పాను. పీహెచ్‌డీ వాళ్లకు రూల్స్ ఉండవు, అన్నీ కాంట్రాక్ట్ వాళ్లకే అని తెలుగులో గొణిగాను.

"టిఫిన్ కాదండీ, పురుగు," అంది తెలుగులోనే. "మీరు గొణిగింది కూడా వినబడిందండీ."

ఘాజియాబాద్‌లో ఆ ల్యాబ్. నేను నిరంజన్, కాంట్రాక్ట్ టెక్నీషియన్ని. డిగ్రీ లేదు. డీఎన్ఏ తీయడం చూసి, చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకున్నాను. రిపోర్టుల మీద సంతకాలు పెద్దవాళ్లవి, చేతులు మావి.

ఆవిడది కాకినాడ. ఇక్కడి ఇందిరాపురం కాలనీలో పూలకుండీల కింద దొరికే చదునుపురుగు ఏ జాతిదో తేల్చాలి. సబ్బు మీది గీతలను దుకాణంలో మెషీన్ చదివినట్టు, పురుగు డీఎన్ఏలో ఒక ముక్కను చదివి కంప్యూటర్ జాబితాతో పోల్చడమే బార్‌కోడింగ్. వినడానికి సులువు. సగంసార్లు ఆ పురుగు ఒంటి జిగురే పని చెడగొడుతుంది. మిగతా సగం, పురుగును వదిలేసి దాని కడుపులో ఉన్న తిండిని చదువుతాం. అందుకే ముందు వారం రోజులు పస్తు పెట్టాలి.

పస్తు పెట్టే పని నాది.

నాలుగో రోజుకు పురుగు దారంలా సన్నబడింది. జాలేసి వానపాము ముక్క వేశాను. రిపోర్టులో వానపాము అనే వచ్చింది. ఆవిడ కెమికల్స్‌ను తిట్టింది, నన్ను కాదు. కొత్త పురుగుతో మళ్లీ మొదలుపెడదామంది. ఇంకో వారం దొరికింది. కిటికీ మీద వాన, చేతుల్లో చాయ్. మా అమ్మానాన్నల కరీంనగర్ మాట నా నోట విని నవ్వేది. "పోదాం పా" అని పదిసార్లు అనిపించుకునేది.

రెండోసారి జాలి లేదు, ఏమీ లేదు. పని పూర్తయితే ఆవిడ రైలెక్కుతుంది. మళ్లీ ముక్క వేశాను.

మళ్లీ వానపామే. ఆగస్టు ఆఖరుకు తేలకపోతే థీసిస్‌లో ఆ అధ్యాయమే తీసెయ్యమన్నాడట గైడు. ఐదేళ్ల పని. ఆ మాట చెబుతూ ఆవిడ గ్లవ్స్ రెండూ ఒకే చేతికి తొడుక్కుంది.

"మేడమ్, పురుగుకు తిండి పెట్టింది నేనే," అన్నాను.

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. మొదటిసారి జాలిపడి పెట్టిన. రెండోసారి, మీరు పోతరని పెట్టిన."

ఆవిడ మిగిలిన ఒక్క పురుగునూ డబ్బాలో పెట్టుకుని తన గదికి తీసుకుపోయింది. వారం రోజులు ల్యాబ్ ముఖం చూడలేదు. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తాను. ప్రతిసారీ ఎవరో ఒకరు దిగేవారు.

ఎనిమిదో రోజు వచ్చింది. పని గురించి తప్ప మాట్లాడలేదు. ఈసారి శుభ్రంగా పురుగుదే వచ్చింది. కానీ జాబితాలో దానికి పేరు లేదు. చుట్టాలున్నారు, అది లేదు. అదే రాసి థీసిస్ ఇచ్చి వెళ్లిపోయింది. స్టేషన్‌కు రమ్మని ఆవిడ అనలేదు, వస్తానని నేనూ అనలేదు.

చలి వచ్చింది, పొగమంచు వచ్చింది, ఎండాకాలం లూ అనే వడగాలులు కొట్టాయి. ఫోన్‌లో ఆవిడ నంబరు తెరిచి, చూసి, మూసేవాణ్ణి. ఏమని చెయ్యాలి? మీ అధ్యాయాన్ని ముంచబోయినవాణ్ణి, బాగున్నారా అనా?

జూన్ చివర తొలివాన పడిన మధ్యాహ్నం ఆవిడే చేసింది.

ఒక్క పురుగును చూపించి కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరట. కనీసం పది కావాలట. తనకు ప్రాజెక్టు వచ్చిందట, మా ల్యాబ్‌లోనే, రెండేళ్లు. పదింటికీ పస్తు పెట్టే మనిషి కావాలంది.

"నన్ను ఎట్ల నమ్ముతరు?" అన్నాను.

"నమ్మకేమండీ," అంది కిరణ్మయి. "నేనే అక్కడుంటే వాటికి తిండి పెట్టాల్సిన పనేముంది మీకు?"