బొంత కుందేలుకు గాజులెక్కడివి?

ఇలా దగ్గరికి జరగండమ్మా... ఆ మూలన కూర్చుంటే నా మాట మీకేం వినపడుతుంది? ఉల్లిపాయలు తరిగేవాళ్ళు తరుగుతూనే వినండి. ఎలాగూ కళ్ళు చెమరుస్తాయి, నెపం ఉల్లిపాయల మీదకు పోతుంది! ఇది మేం అమీర్‌పేట సందులో ఉన్నప్పటి మాట. ఎనభై నాలుగో, ఎనభై ఐదో... మా గోడకు ఆ పక్కనే కమలకుమారి వాళ్ళిల్లు.

ఆ రోజు శనివారం. కమల సాయంత్రం పంజాగుట్టలో బస్సు దిగి, గబగబా నడిచి సందులోకి వచ్చేసరికి గుమ్మం ముందు జనం! జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. లోపల మంచం మీద భర్త మార్కండేయ, కాలికి తొడదాకా పిండికట్టు! పొద్దున కదిలే బస్సు ఎక్కబోయి చౌరస్తాలో జారిపడ్డాడట... "అయ్యో, ఏమైందయ్యా నీకు!" అంటూ కమల ఆ కాలి మీద చెయ్యి వేసిందో లేదో, తలాపున కూర్చున్న అత్త పోశవ్వ చూపు ఆ చేతి మీద పడింది.

"నీ గాజులేవే? కుడిచేతి గాజులేవే కోడలా!"

కమల తన చెయ్యి చూసుకుంది. బోసి చెయ్యి!

అసలు ఆ గాజుల సంగతేమిటో చెబుతాను, వినండి. మార్కండేయ దర్జీ. వాళ్ళది సిరిసిల్ల వైపు నేతపని చేసిన కుటుంబం. టీవీలో పిల్లల కార్యక్రమానికి బొమ్మల బట్టలు కుట్టే పని అతనికి దొరికింది. మిగిలిన పీలికలతో ఒక కుందేలును కూడా కుట్టాడు. ఒక చెవి ప్యాంటు గుడ్డ, ఇంకో చెవి పూల జాకెట్టు గుడ్డ! అది ఇవ్వడానికి వెళ్ళిన కమల, ఊరికే దాన్ని చేతికి తొడుక్కుని నాలుగు మాటలు మాట్లాడిందట. అంతే! ఆ కార్యక్రమం చూసుకునే రామ్మోహనరావు గారు కడుపు పట్టుకుని నవ్వి, "రేపట్నుంచి ఈ కుందేలు నీదేనమ్మా" అన్నారు. అలా మా కమల టీవీలో 'బొంత కుందేలు' అయింది. బల్ల వెనక నేల మీద కూర్చుని, గంటసేపు చెయ్యి పైకెత్తి ఆడించాలి. భుజం మొద్దుబారి, ఇంటికొచ్చాక ముద్ద కూడా ఎడమచేత్తో తినాల్సి వచ్చేది. తెర మీద ఆమె ముఖం రాదు, పేరు రాదు.

మొదటి రోజే మైకులో గలగలలు! "ఏంటమ్మా కమలమ్మా, కుందేలుకు గాజులెక్కడివి?" అన్నారు రామ్మోహనరావు గారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గాజుల దుకాణంలో ఒక సైజు పెద్దవి అడిగి తెచ్చుకుంది, సులువుగా జారతాయని. ప్రతి శనివారం అవి చేతిరుమాలులో మూటగట్టడం, పని కాగానే మొదట వాటినే తొడుక్కోవడం. ఎప్పుడూ మరిచిపోలేదు... ఆ ఒక్క రోజు మూట స్టూడియో కిటికీ మీదే ఉండిపోయింది! ఆ ఒక్క రోజే!

"పుస్తెకట్టినోడు ఉండంగ బోసి చేతుల్తోని తిరిగినవ్! గా దినమే నా కొడుకు కింద పడె! నీకు వాడి పానం ఎక్కువనా, గా కుందేలు ఎక్కువనా?" పోశవ్వ గుండెలు బాదుకుంది.

"ఓ అవ్వా, జర నా మాట ఇను. కాలు జారింది నాది. దాని గాజులేం జేసినయి?" అని మార్కండేయ మంచం మీంచి మొత్తుకున్నాడు.

"నువ్వు సప్పుడు జేయకుండ పండుకోరా!"

కమల, "ఇగ పోను అత్తమ్మా" అంది, ఒక్క మాట. చెప్పి, పొయ్యి దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది. మర్నాడే స్టూడియోకు కబురు పంపింది.

అమ్మా, ఆ పదిహేను రోజులు ఆమెను చూడాలి మీరు! భర్తకు సేవ చేసేది, అత్తకు వండిపెట్టేది. కానీ అన్నం వార్చి కాసేపు కూర్చుంటే చాలు, కుడిచేతి వేళ్ళు వాటంతట అవే లేచి, తలాడించి, చెవులు రిక్కించేవి... తనే చూసుకుని గబుక్కున కొంగు కింద దాచుకునేది, దొంగతనం చేసినట్టు!

శనివారం తీసే ఆ కార్యక్రమం ఆదివారం టీవీలో వచ్చేది; మధ్యలో ఒక వారం కుందేలు లేకుండానే నడిచింది. మూడో ఆదివారం వచ్చింది. మా సందు మొత్తానికి టీవీ ఒక్క చాంద్ బీ ఇంట్లోనే ఉండేది. చెక్క తలుపుల పెట్టె, పైన కుట్టుపని గుడ్డ. పిల్లలంతా చాప మీద, పోశవ్వ గుమ్మం దగ్గర పీట మీద. కోడలి మీద కోపమున్నా కుందేలును చూడకుండా ఉండలేదు మరి! బొంత కుందేలు తెర మీదకు వచ్చింది. వేరెవరో ఆడిస్తున్నారు. ఊరికే తలూపుతోంది, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతోంది.

"గిది మన కుందేలు కాదు!" అని ఒక పిల్ల లేచి నిలబడింది. ఇంకొకతె ఏడుపు మొదలెట్టింది.

పోశవ్వకు మనసు చివుక్కుమంది. చేతిని చెంపకు ఆనించుకుని, తల ఒక పక్కకు వాల్చి, "అగో! గిదేం సుద్దే తల్లీ! దీనికేమైందే?" అంది.

పిల్లలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ఒకటే చప్పట్లు! "కుందేలు ఈడున్నది! బొంత కుందేలు ఈడున్నది!"

పోశవ్వ బిత్తరపోయింది. చాంద్ బీ నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ దగ్గరకు వచ్చింది. "ఇన్ని దినాలు నీకు సమఝ్ కాలేదా పోశవ్వా? గా చెంపకు చెయ్యి, గా 'అగో', చెవిని కొంగు లెక్క ఎనక్కి ఏసుకునుడు... అంతా నువ్వే! నీ బహూ, నీ కోడలు పిల్ల, నిన్నే టీవీల కూసోబెట్టింది. అందరికీ ఎరకే, నీకే ఎరక లేదు!"

పోశవ్వ లేచి ఇంటికి నడిచింది. కమల బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"కోడలా... గా కుందేలు నేనేనా?"

కమల చేతిలో చేట ఒరిగిపోయింది. "కోపం జేస్తవని చెప్పలే అత్తమ్మా... నన్ను కన్నతల్లి నాకు ఎరక లేదు. నీ ఇంటికొచ్చినంకనే నాతోని ఒకలు ముద్దుగ మాట్లాడిన్రు. కుందేలును చేతికేసుకున్ననో లేదో, నోట్లకు నీ మాటనే వచ్చింది... నేనేం జేతు!"

పోశవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. తన రెండు బోసి చేతులూ ముందుకు చాపింది. "మీ మామ పోయిన దినం నా చేతులు గిట్ల జేసిన్రు బిడ్డా. నీ చెయ్యి సూడంగనే గా దినం కండ్ల ముందర పడె. భయమైంది... నీ మీద కోపం కాదే, భయం!"

అత్తా కోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపు గోడకు ఇవతల మాకు వినిపించింది!

ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పోశవ్వ తన ట్రంకుపెట్టె తెరిచింది. నేత నేసే రోజుల నాటి ఎర్ర నూలు చిలప, అదే నూలు కట్ట, అందులో ఉంది, ఎందుకు దాచుకుందో ఏమో. కోడలి గాజులు తెమ్మంది. ఒకప్పుడు మగ్గానికి కండెలు చుట్టిన చేతులమ్మా అవి! ఒక్కో గాజుకూ సందు లేకుండా నూలు చుట్టింది. వదులుగా జారేవి కావు, కమల సైజువే. అన్నీ ఆ చేతికి తొడిగి, తన చెవి దగ్గర పెట్టుకుంది.

"ఊపు."

కమల ఊపింది. చప్పుడు లేదు.

"ఇంకింత ఊపవే!"

చప్పుడే లేదు! మంచం మీంచి మార్కండేయ, "అవ్వా, ఇగ కుందేలు జీతం నీకే ఇయ్యాలె!" అన్నాడు. ఆ ఇంట్లో పదిహేను రోజుల తర్వాత నవ్వు వినబడింది.

తర్వాతి ఆదివారం చాంద్ బీ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. బొంత కుందేలు తెర మీదకొచ్చి, చెంపకు చెయ్యి ఆనించుకుని, "అగో! పోరగాండ్లు, నన్ను మరిసిన్రా?" అనగానే పిల్లల కేరింతలు! ఈసారి పోశవ్వను పీట మీద కాదు, చాప మధ్యలో కూర్చోబెట్టారు. ఆ కుందేలు మాట ఒక్కటీ ఆమె చెవిన పడలేదు. ఆ తెరకు కింద, ఎవరికీ కనబడని చోట, పైకెత్తి ఉన్న ఆ చేతినే చూస్తున్నట్టు రెండు చేతులూ జోడించుకుని కూర్చుంది...

ఇదమ్మా కథ. పోశవ్వ ఇప్పుడు లేదు. ఆ నూలు గాజులు మాత్రం కమల దగ్గర ఉన్నాయి, నా కళ్ళతో చూశాను. ఆ కుందేలును చూసి పెరిగిన పిల్లలెవరైనా మీకు తారసపడితే, ఈ మాట చెప్పండి. తెర మీద ఆ అత్తాకోడళ్ళ పేర్లు ఎన్నడూ రాలేదు... మీ నోటితోనైనా రానివ్వండి. ఆడించింది కమలకుమారి, మాట పోశవ్వది. మరిచిపోకండేం!